విలియం బిల్ ఎలా అయ్యాడు: ఇంగ్లిష్ ముద్దుపేర్ల పుట్టుక

అమెరికా, ఇంగ్లండ్ వాళ్లతో పనిచేసే మన ఆఫీసుల్లో కొత్తగా చేరినవాళ్లకు ఒక తికమక తప్పదు. మెయిల్ కింద రాబర్ట్ అని ఉన్న మనిషిని కాల్‌లో అందరూ బాబ్ అంటుంటారు. కాగితాల మీద మార్గరెట్ అయిన ఆవిడ నోటిమాటలో పెగ్గీ అవుతుంది. బిల్ గేట్స్ అసలు పేరు విలియం హెన్రీ గేట్స్. జాన్ ఎఫ్. కెనెడీని ఇంట్లోవాళ్లు, స్నేహితులు జాక్ అని పిలిచేవారు. ఆయన తమ్ముడు ఎడ్వర్డ్ లోకానికి టెడ్‌గానే తెలుసు. థామస్‌ని టామ్ అంటే ఎవరికైనా అర్థమవుతుంది, పేరులోని మొదటి ముక్క తీసుకున్నారంతే. కానీ రిచర్డ్ డిక్ ఎందుకయ్యాడు? జాన్‌లో లేని 'క' జాక్‌లోకి ఎక్కణ్నుంచి వచ్చింది?

చూడ్డానికి ఎవరికి తోచినట్టు వాళ్లు పెట్టుకున్నట్టుంటాయి గానీ, ఈ పేర్లలో చాలావాటి వెనక లెక్కలాంటి ఒక వరస ఉంది. వాటికి ఊపిరి పోసింది మాత్రం ఒక కొరత. మనుషులు ఎక్కువ, పేర్లు తక్కువ.

1066కి ముందు ఇంగ్లండ్‌లో ఈ కొరత లేదు. పాత ఇంగ్లిష్‌వాళ్లు రెండు మాటలు కలిపి పేరు కట్టేవాళ్లు. సంపద, కాపు అనే అర్థాలున్న మాటలు కలిస్తే ఎడ్వర్డ్. తోడేలు, రాయి కలిస్తే వుల్ఫ్‌స్టన్. ముక్కలు మార్చి మార్చి కలుపుతూ ఎన్ని కొత్త పేర్లైనా పుట్టించుకునే వీలుండేది. ఆ ఏడాది ఫ్రాన్స్ ఉత్తర తీరం నుంచి వచ్చిన, ఫ్రెంచ్ మాట్లాడే నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక ఆ పద్ధతి మెల్లగా చచ్చిపోయింది. గెలిచినవాళ్ల పేర్లు విలియం, రాబర్ట్, రిచర్డ్, రోజర్, వాల్టర్, హ్యూ. రెండు మూడు తరాల్లో ఓడినవాళ్లు కూడా తమ పిల్లలకు ఆ పేర్లే పెట్టసాగారు. దానికి తోడు చర్చి పునీతుల పేర్లు జాన్, థామస్, నికొలస్, మార్గరెట్, కేథరిన్ వచ్చి చేరాయి. పాతవాటిలో ఎడ్వర్డ్, ఎడ్మండ్ లాంటివి పునీతులైన రాజుల పుణ్యాన మిగిలాయి. 14వ శతాబ్దానికి వచ్చేసరికి ఇంగ్లండ్ మగవాళ్లలో ఎక్కువమంది జాన్, విలియం, థామస్, రిచర్డ్, రాబర్ట్ అనే అయిదు పేర్లలోనే సర్దుకున్నారు.

పుట్టిన బిడ్డ జ్ఞానస్నానానికి బాధ్యుడిగా నిలిచే పెద్ద (గాడ్‌ఫాదర్) తన పేరే పెట్టడం అప్పటి ఆనవాయితీ. దానివల్ల ఒకే ఇంట్లో ఒకే పేరు రెండుసార్లు వచ్చేది. నార్ఫోక్ ప్రాంతపు పాస్టన్ కుటుంబం 15వ శతాబ్దంలో రాసుకున్న ఉత్తరాలు ఇప్పటికీ ఉన్నాయి. అందులో అన్నదమ్ములిద్దరూ జానే, వాళ్ల తండ్రీ జానే. కలిగిన కుటుంబంలోనే ఇలా ఉంటే, పల్లెలో పదిమంది జాన్లు ఒకే పొలంలో పనిచేసేటప్పుడు ఎవర్ని ఎలా పిలవాలి? ఒకడు జాన్, ఒకడు జాక్, ఇంకొకడు జాంకిన్, మరొకడు హాన్. ముద్దుపేరు అక్కడ ముద్దు కోసం కంటే గుర్తు కోసం పుట్టింది. గంపెడు వెంకటేశ్వర్లున్న ఊళ్లో ఒకరు వెంకి, ఒకరు వెంకన్న, ఒకరు ఈశ్వరయ్య అయ్యే తెలుగువాళ్లకు ఇది కొత్త విషయం కాదు.

ఇంకో సంగతి కూడా ఈ పేర్లకు స్వేచ్ఛనిచ్చింది. కోర్టు పత్రాలు, పన్ను జాబితాలు ఎక్కువగా లాటిన్‌లో రాసేవాళ్లు. గుమస్తా కలం కింద జాన్ యొహానెస్ అయ్యేవాడు, విలియం విలెల్మస్ అయ్యేవాడు. రాతలో పేరుకు ఒక గట్టి రూపం ఉండటంతో, నోటిలోని రూపం ఎంత మారినా అడిగేవాడు లేడు. రాత పేరు గుమస్తాది, పిలుపు పేరు ఊరిది. హెన్రీ అనే రాత రూపాన్నే సామాన్యులు హారీ అని పలికేవాళ్లు. అంటే హారీ అన్నది హెన్రీకి తర్వాతెప్పుడో చేసిన పొట్టిరూపం కాదు, ఫ్రెంచ్ పేరును ఇంగ్లిష్ నోరు పలికిన తీరే అది. బ్రిటన్ రాజకుమారుడు హారీ పేరు రికార్డుల్లో ఇప్పటికీ హెన్రీయే.

ఇక పేర్లు మారిన తీరుకు వద్దాం. అన్నిటికంటే విచిత్రంగా కనిపించేది ప్రాస. పేరును ఒక్క ముక్కకు కుదించి, ఆ ముక్కలో మొదటి హల్లు తీసేసి మరోటి పెట్టడం. రిచర్డ్ ముందు రిక్ అయ్యాడు, రిక్ నుంచి హిక్, డిక్ వచ్చారు. రాబర్ట్ రాబ్ అయితే, అందులోంచి హాబ్, డాబ్, నాబ్ పుట్టారు. రోజర్ నుంచి హాడ్జ్, డాడ్జ్. 'ర' ఉన్నచోటే ఈ మార్పు ఎక్కువగా జరగడం గమనించాలి. నార్మన్ల గొంతులో పలికే 'ర' ఇంగ్లిష్ రైతులకు లొంగక 'హ'గా మారిందని కొందరు పండితుల ఊహ. హిక్, హాబ్, హాడ్జ్ వరకు ఆ ఊహ నప్పుతుంది. డిక్, డాబ్ దగ్గర తేలిపోతుంది. ఒకే పేరున్న మనుషుల్ని విడదీయడానికి హల్లు మార్చి ఆడుకున్నారన్న వివరణే ఎక్కువ దూరం నడుస్తుంది.

ఇవి నిజంగా వాడుకలో ఉండేవని ఎలా తెలుసు? ఇంటిపేర్లే సాక్ష్యం. ఇంగ్లండ్‌లో ఇంటిపేర్లు స్థిరపడిన కాలమూ, ఈ ముద్దుపేర్లు విరగకాసిన కాలమూ ఒకటే. డిక్ కొడుకు డిక్సన్. డిక్‌కే చిన్నవాడన్న అర్థమిచ్చే 'కిన్' చేర్చిన డికిన్ నుంచి నవలాకారుడు చార్లెస్ డికెన్స్ ఇంటిపేరు. హిక్ నుంచి హిక్స్, హాబ్ నుంచి హాబ్సన్, హాబ్‌కు 'కిన్' చేరి హాప్కిన్స్. డాడ్జ్ కార్లు తయారుచేసిన అన్నదమ్ముల ఇంటిపేరులో రోజర్ దాగి ఉన్నాడు. రిచర్డ్‌లోని రిచ్ హిచ్‌గా మారి, దానికి కుర్రవాడన్న అర్థంలో 'కాక్' చేరితే సినిమా దర్శకుడు హిచ్‌కాక్ ఇంటిపేరు. షెర్లాక్ హోమ్స్ స్నేహితుడు వాట్సన్ ఇంటిపేరులో ఉన్నది వాల్టర్. అప్పట్లో ఆ పేరును 'ల' లేకుండా వాటర్ అని పలికేవాళ్లు, అందుకే కుదిస్తే వాట్ మిగిలింది. అమెరికా అధ్యక్షుల జాబితా తిరగేసినా జాక్సన్, హారిసన్, విల్సన్, నిక్సన్ కనిపిస్తారు. జాక్, హారీ, విల్, నిక్ అనే పల్లెటూరి పిలుపులు శ్వేతసౌధం దాకా నడిచి వెళ్లాయి.

ఆడవాళ్ల పిలుపులూ ఇంటిపేర్లయ్యాయి, ఈ విషయం తగినంతగా ఎవరూ చెప్పరు. మేరీకి ఫ్రెంచ్ పద్ధతిలో చిన్న ప్రత్యయం చేరిస్తే మారియట్. లోకమంతా హోటళ్ల మీద కనిపించే ఆ పేరు ఏనాటిదో ఒక మేరీది. ఇసబెల్ నుంచి ఇబ్, ఇబ్బట్, అక్కణ్నుంచి ఇబ్బట్సన్. మటిల్డా నుంచి టిలట్, టిలట్సన్. తల్లి పేరుతో గుర్తింపు పొందిన బిడ్డలు మధ్యయుగపు ఇంగ్లండ్‌లో కొద్దిమందేమీ కారని ఈ ఇంటిపేర్లు చెబుతున్నాయి.

క్రికెట్ చరిత్రలో ఈ ముద్దుపేర్లు రెండు ఒకే మనిషిలో కలిశాయి. ఇంగ్లండ్ ఓపెనర్ జాక్ హాబ్స్ (1882–1963) అసలు పేరు జాన్ బెరీ హాబ్స్. జాక్‌లో జాన్ ఉన్నాడు, హాబ్స్‌లో రాబర్ట్ ఉన్నాడు. ఈ హాబ్స్‌ని 1930–31లో మనదేశానికి రప్పించి తన జట్టులో ఆడించినది విజయనగరం మహారాజకుమార్ విజయానంద గజపతిరాజు. ఆయన్ని క్రికెట్ లోకం పిలిచిన పేరు విజ్జీ. విజయనగరం అన్న మాటలో ముందు ముక్క ఉంచి, చివర 'ఈ' చేర్చి ఇంగ్లిష్ పద్ధతిలో చేసిన పిలుపు అది. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకు నాయకుడు కూడా ఆ విజ్జీయే.

పల్లెజనం నోట ఈ పేర్లు ఎలా మోగేవో ఒక శత్రువు రాతలో బాగా వినిపిస్తుంది. 1381లో పన్నుల భారం మీద ఇంగ్లండ్ రైతులు తిరగబడ్డారు. వాళ్ల నాయకుడు వాట్ టైలర్. ఆ తిరుగుబాటును అసహ్యించుకున్న కవి జాన్ గోవర్ లాటిన్ కావ్యంలో ఆ గుంపును వర్ణిస్తూ వరసగా పేర్లు చెబుతాడు: వాట్, టామ్, సిమ్, గిబ్, హిక్, విల్, హాబ్, జాక్ ఇలా. వాల్టర్, సైమన్, గిల్బర్ట్ అని రాయలేదు. ఘనమైన లాటిన్ పద్యం నడుమ ఈ పొట్టి పేర్లు పెట్టడంలో ఉద్దేశం తక్కువ చేయడమే. కానీ ఆ తిరస్కారం వల్లే ఇవాళ మనకు ఆ రైతులు ఒకర్నొకరు ఏమని కేకేసుకున్నారో తెలుస్తోంది. చరిత్ర గ్రంథాల్లో సామాన్యుడి పేరు అతని వాళ్లు పిలిచినట్టే దొరకడం చాలా అరుదు.

బిల్, బాబ్ ఈ పాత గుంపులోనివారే అనుకుంటారు గానీ, వాళ్లు వెనకొచ్చినవాళ్లు. హాబ్సన్, డాబ్సన్ ఇంటిపేర్లుగా కుదురుకుంటే బాబ్సన్ దాదాపు కనిపించదు. విల్సన్, విల్కిన్స్ కోకొల్లలు, బిల్ నుంచి వచ్చిన ఇంటిపేరు చెప్పమంటే వెతుక్కోవాలి. ఇంటిపేర్లు గట్టిపడిపోయాక బిల్, బాబ్ వ్యాపించారన్నమాట. 17వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌ని ఏలిన మూడో విలియంని ఉత్తర ఐర్లండ్‌లో ఇప్పటికీ కింగ్ బిల్లీ అంటారు. పద్ధతి మాత్రం పాతదే, మొదటి హల్లు మార్చి ప్రాస కలపడం. మార్గరెట్ మెగ్ అయ్యి, మెగ్ పెగ్ అవడం, మేరీ నుంచి వచ్చిన మాలీ పాలీ అవడం, మార్తా నుంచి మ్యాటీ, ప్యాటీ రావడం, అన్నీ ఈ దారినే జరిగాయి. ఈ మూడింటిలోనూ 'మ' పోయి 'ప' వచ్చింది. రెండూ పెదాలతో పలికేవే.

మేరీలో 'ర' ఉంది కదా, మాలీలోకి 'ల' ఎలా వచ్చిందన్నది తర్వాతి ప్రశ్న. మాటలు నేర్చే పిల్లలు 'ర' పలకలేక 'ల' అనడం మన ఇళ్లలోనూ వింటూనే ఉంటాం, రాముణ్ని లాముడంటారు. ఇంగ్లిష్ పేర్లలో ఇదొక స్థిరమైన మార్పు. మేరీ మాల్, సారా సాలీ, హారీ హాల్, డొరొతీ డాల్. పిల్లలు ఆడుకునే బొమ్మకు డాల్ అన్న పేరు ఈ డొరొతీ నుంచే వచ్చింది. ఈ మార్పు మధ్యయుగాలతో ఆగిపోలేదు. 20వ శతాబ్దపు లండన్‌లో డెరెక్ డెల్ అయ్యాడు, టెరెన్స్ టెల్ అయ్యాడు. అదే కాలంలో ఇంకో శాఖ పుట్టి 'ర' కాస్తా 'జ' అయింది: జెరెమీ జెజ్, గ్యారీ గాజ్. ఆస్ట్రేలియాలో బ్యారీ బాజా, షారన్ షాజా. ఏ వ్యాకరణమూ నేర్పకుండానే ఏడొందల ఏళ్ల నాటి అలవాటు కొత్త నోళ్లలో మళ్లీ పనిచేస్తోంది. ఈ విషయం మొత్తంలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే.

ఎడ్వర్డ్ నెడ్ ఎందుకయ్యాడన్నదానికి కారణం పేరు లోపల లేదు, పక్కనుంది. మధ్యయుగపు ఇంగ్లిష్‌లో అచ్చుతో మొదలయ్యే మాటకు ముందు 'నా' అనాలంటే 'మైన్' అనేవాళ్లు. మైన్ ఎడ్, మైన్ ఎల్, మైన్ ఆన్ అని ముద్దుగా పిలిచీ పిలిచీ, 'మైన్' చివరి 'న' పక్క పేరుకు అంటుకుపోయింది. ఎడ్ నెడ్ అయ్యాడు, ఎలెన్ నెల్ అయింది, ఆన్ నాన్ అయి, నాన్సీకి దారి తీసింది. ఆలివర్ నాల్ అయ్యాడు, 17వ శతాబ్దపు ఇంగ్లండ్ పాలకుడు ఆలివర్ క్రామ్‌వెల్‌ని ఓల్డ్ నాల్ అని వెక్కిరించేవాళ్లు. నిక్‌నేమ్ అన్న మాటే ఇలా పుట్టింది. అదనపు పేరు అనే అర్థంలో 'ఎన్ ఎకనేమ్' అంటుంటే, ముందున్న 'న' వచ్చి 'ఎకనేమ్' మీద వాలింది.

జాక్ కథ అన్నిటికంటే పొడవైనది. జాక్ ఫ్రెంచ్ పేరు జాక్వెస్‌ నుంచి వచ్చిందని చాలాకాలం నమ్మారు. వినడానికి అది సబబుగానే ఉంటుంది. కానీ జాక్వెస్‌కి ఇంగ్లిష్‌లో సరిజోడు జేమ్స్, ఇంగ్లిష్ రికార్డుల్లో జాక్ అని పిలిపించుకున్నవాళ్లేమో జాన్లు. 1892లో ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ గ్రంథాలయాధికారి ఇ.డబ్ల్యు.బి. నికల్సన్ ఈ చిక్కు విప్పాడు. జాన్‌కి 'జన్' అనే ఇంకో రూపం ఉండేది, దానికి డచ్, ఫ్లెమిష్ వైపు నుంచి వచ్చిన చిన్నతనపు ప్రత్యయం 'కిన్' చేరి జంకిన్ అయింది. ముక్కుతో పలికే 'న' జారిపోయి జకిన్, చివరి ముక్క ఊడి జాక్. ఆ 'క' పేరులోది కాదు, ప్రత్యయంలోది.

జాన్లు అంతమంది ఉన్నారు కాబట్టి జాక్ అంటే క్రమంగా ఎవడో ఒక మనిషి, పనివాడు అన్న అర్థం వచ్చింది. తర్వాత పనివాడి బదులు పనిచేసే సాధనాన్నీ ఆ పేరుతోనే పిలిచారు. మన మెకానిక్ షెడ్లలో టైరు మార్చడానికి బండిని ఎత్తే జాకీ ఈ వంశంలోదే. పేకాటలో జాకీ కూడా. ఆ ముక్కకు ఇంగ్లిష్‌లో నేవ్ అనే పేరుండేది. ముక్క మూలన అక్షరాలు వేయడం మొదలయ్యాక నేవ్‌కి రాసే రెండక్షరాల గుర్తు (Kn), రాజుకు రాసే ఒక్క అక్షరం (K) ఒకదానికొకటి కలిసిపోయి కనిపించేవి. దాంతో 19వ శతాబ్దంలో జాక్ పేరు స్థిరపడింది. గుర్రప్పందేల జాకీ స్కాట్లండ్ వైపు నుంచి వచ్చాడు. అక్కడ జాక్ జాక్‌గా కాక కాస్త గుండ్రంగా జాక్-జోక్ నడుమ పలుకుతాడు, దానికి 'ఈ' చేరింది. హాబీ అన్న మాట కూడా రాబిన్ నుంచి వచ్చిన ముద్దుపేరేనని నిఘంటువులు చెబుతాయి. ముందు చిన్న గుర్రానికి, తర్వాత పిల్లల కొయ్యగుర్రానికి, ఆఖరికి తీరికవేళ వ్యాపకానికి ఆ పేరు దక్కింది. లండన్ పోలీసుకు బాబీ అన్న పేరు 1829లో ఆ దళాన్ని ఏర్పాటు చేసిన హోంమంత్రి రాబర్ట్ పీల్ నుంచి వచ్చింది.

పేరు చివర 'ఈ' చేర్చే అలవాటు మొదట స్కాట్లండ్‌లో బలంగా ఉండి, తర్వాత దక్షిణానికి పాకింది. జిమ్మీ, టామీ, ఆనీ అన్నీ అందులోంచే. ఇది మొదట చిన్నపిల్లల పిలుపే గానీ, జేమ్స్ ఎర్ల్ కార్టర్ 1976లో జిమ్మీ కార్టర్‌గానే అమెరికా అధ్యక్షుడిగా గెలిచాడు.

జేమ్స్ జిమ్ కావడంలో వింత లేదు. వింత జేమ్స్‌లోనే ఉంది. తెలుగు బైబిల్ చదివేవాళ్లకు ఇది వెంటనే తడుతుంది, ఇంగ్లిష్‌లో జేమ్స్ అన్నచోట తెలుగులో యాకోబు అని ఉంటుంది. లాటిన్‌లో యాకోబుస్ అన్న పేరు జనం నోట యాకొముస్‌గా మారి, ఫ్రెంచ్ దారిన వచ్చి జేమ్స్ అయింది. ఇంగ్లిష్‌లో జేకబ్, జేమ్స్ రెండు వేరు వేరు పేర్లలా నిలిచిపోతే, తెలుగు అనువాదం మూలరూపాన్నే పట్టుకుంది. ఆ లెక్కన జిమ్ యాకోబు, జాక్ యోహాను, బెట్టీ ఎలీసబెతు.

ఎలిజబెత్ దగ్గర ఒక్క పేరులోంచి ఎంత సంతానం రాగలదో కనిపిస్తుంది. ఒత్తి పలికే నడిమి ముక్క నుంచి లిజ్, లిజీ. మొదటి భాగం నుంచి ఎలైజా. చివరి భాగం నుంచి బెత్. ఇంగ్లిష్‌వాళ్లు 'త్' శబ్దాన్ని ముద్దుపేర్లలో 'ట'గా మార్చేస్తారు కాబట్టి బెట్, బెట్టీ, బెట్సీ. డొరొతీ డాట్ కావడం, ఆర్థర్ ఆర్ట్ కావడం ఈ సూత్రం ప్రకారమే. ఇక బెస్. 1558 నుంచి 1603 వరకు ఏలిన మొదటి ఎలిజబెత్‌ని ప్రజలు గుడ్ క్వీన్ బెస్ అన్నారు. స్కాట్లండ్‌లో ఎల్స్‌పెత్. ఇంగ్లిష్ పిల్లలకు ఒక పాత పొడుపుకథ ఉంది: ఎలిజబెత్, ఎల్స్‌పెత్, బెట్సీ, బెస్ కలిసి పక్షిగూడు వెతకబోయారు, అందులో అయిదు గుడ్లున్నాయి, తలా ఒకటి తీసుకున్నారు, ఇంకా నాలుగు మిగిలాయి. విప్పేది ఒక్కటే, ఆ నలుగురూ ఒకే అమ్మాయి.

మార్గరెట్ సంతానంలో శబ్దంతో పనిలేకుండా పుట్టినది ఒకటుంది. ఫ్రెంచ్‌లో మార్గరీత్ అంటే ఒక రకం చేమంతి పువ్వు, ఆ పువ్వు ఇంగ్లిష్ పేరు డెయిజీ. అలా మార్గరెట్లు కొందరు డెయిజీలయ్యారు.

ఇప్పుడు ప్రవాహం తిరగబడింది. ముద్దుపేరే రిజిస్టర్‌లోకి ఎక్కుతోంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1990ల నడుమ నుంచి 2008 దాకా ఏటా పుట్టిన మగపిల్లలకు అందరికంటే ఎక్కువగా పెట్టిన పేరు జాక్, 2011లో హారీ. రెండో ఎలిజబెత్ రాణి చిన్నప్పుడు తన పేరు తాను పలకలేక లిలిబెట్ అనేది, ఇంట్లోవాళ్లు అదే ఖాయం చేశారు. 2021లో పుట్టిన ఆమె మునిమనవరాలికి అది ముద్దుపేరు కాదు, నమోదైన పేరే. మరోవైపు డిక్ దాదాపు మాయమవుతున్నాడు. 19వ శతాబ్దం చివర్లో ఆ మాటకు అంటుకున్న బూతు అర్థం వల్ల కొత్త తరం రిచర్డ్‌లు రిచ్ లేదా రిక్ అనిపించుకుంటున్నారు.

అందుకే ఈ సూత్రాలన్నీ తెలిసినా వాటిని ఎదుటి మనిషి మీద ప్రయోగించకూడదు. రాబర్ట్ అని పరిచయం చేసుకున్నవాణ్ని అడక్కుండా బాబ్ అంటే చొరవ ఎక్కువైనట్టే. అతను రాబ్ కావచ్చు, బాబీ కావచ్చు, పూర్తి రాబర్ట్‌గానే ఉండాలనుకోవచ్చు. మెయిల్ చివర అతను తన పేరు ఎలా రాసుకున్నాడో, తోటివాళ్లు ఏమంటున్నారో చూసి అదే అనాలి. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లు తమ పూర్వీకుల వివరాలు వెతికే స్నేహితులకు సాయం చేయాల్సి వస్తే, ఒక జనాభా లెక్కలో పాలీ, మరో పత్రంలో మేరీ కనిపించగానే ఇద్దరు మనుషులనుకోకుండా, వయసు, ఊరు, తల్లిదండ్రుల పేర్లు పోల్చి చూసుకోవాలి. నాన్సీ ఆన్ కావచ్చు, సాలీ సారా కావచ్చు, కిట్ అంటే మగవాడైతే క్రిస్టఫర్, ఆడపిల్లయితే కేథరిన్ కావచ్చు.